తేదీ తప్పని ఇల్లు

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన రోజున ఇంట్లో అందరి నోటా వచ్చే మాట ఒకటే: "మనిషి దక్కుతడా?" ఆ మాటకు డాక్టరు జవాబు చెప్పాలంటే ముందు ఇంకో సంగతి తేలాలి. అది ఏ రకం క్యాన్సర్? ఆ ప్రశ్న మీరే అడగండి. రిపోర్టులో ఆ పేరు ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించమనండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్న ఒక్క పేరు కింద వేర్వేరు జబ్బులున్నాయి. వాటి నడక వేరు, మందు వేరు, ఇంటివాళ్లు చేయాల్సిన పని కూడా వేరు.

ఈ అధ్యాయం స్మాల్ సెల్ అనే రకం గురించి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ప్రతి వంద మందిలో దాదాపు 15 మందికి ఈ రకం ఉంటుంది. తక్కువ మందికి వచ్చేదే అయినా అన్నిటికన్నా వేగమైనది ఇదే. బయటపడేసరికి మూడింట రెండు వంతుల మందిలో అది ఛాతీ దాటి కాలేయానికో, ఎముకలకో, మెదడుకో పాకి ఉంటుంది. ఇది వచ్చినవాళ్లలో దాదాపు అందరూ పొగ తాగినవాళ్లే. మన పల్లెల్లో పొగంటే ముందు బీడీ, ఆ తర్వాతే సిగరెట్టు.

దీనికి ఇంకో గుణం ఉంది. మందు పడితే ఆశ్చర్యపోయేంత త్వరగా కరుగుతుంది. మొదటి రెండు కీమోలకే దగ్గు తగ్గి, ఆయాసం తగ్గి, మనిషి లేచి తిరుగుతాడు. సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లు మోసపోతాయి. తగ్గిందనుకుని మూడో కీమో పత్తి ఏరాక చూద్దామంటారు, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం పండగ తర్వాత అంటారు. కరిగిన గడ్డ ఆ సందులోనే తిరిగి లేస్తుంది, అప్పుడు పాత మందుకు అంతగా లొంగదు. కాబట్టి ఈ జబ్బుకు వైద్యాన్ని కలిపి ఇస్తారు, దగ్గర దగ్గరగా ఇస్తారు, తేదీ ప్రకారం ఇస్తారు. కలిపి ఇవ్వడం డాక్టర్ల పని. తేదీ నిలబెట్టడం మాత్రం ఇంటి పని. నేను ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ రెండో దాని గురించి.

పోగొట్టుకునే మొదటి వారాలు

రఘునాథపల్లి మండలంలో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. జనగామ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఏ ఊళ్లోనైనా ఉండగల ఇల్లు. యాభై ఎనిమిదేళ్ల రైతు, మూడెకరాల పత్తి, మీసాలు రాని వయసు నుంచి బీడీ. భార్య, హైదరాబాద్ ఉప్పల్‌లో ఉద్యోగం చేసుకునే కొడుకు, ఘన్‌పూర్‌కు ఇచ్చిన బిడ్డ, పక్కింట్లో తమ్ముడు.

పత్తి ఏరే రోజుల్లో దగ్గు మొదలవుతుంది. "బీడీ తాగేటోనికి దగ్గు రాకుంటదా" అని ఎవరూ పట్టించుకోరు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఒక సీసా టానిక్. కొన్నాళ్లకు తెమడలో నెత్తురు చార. ఎక్స్‌రే తీస్తే మచ్చ. "టీబీ అయ్యుంటది" అని ఎవరో అంటారు, మందులు మొదలవుతాయి.

టీబీ అని అనుమానించడంలో తప్పులేదు. మన దేశంలో ఆ జబ్బు ఎక్కువ, ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించే సందర్భాలు చాలా ఉంటాయి. పరీక్షలో క్రిమి దొరక్కపోయినా అనుమానం మీదే నెలల తరబడి మందు మింగిస్తూ కూర్చోవడం మాత్రం ప్రమాదం. తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అందులో టీబీ తేలకపోతే, లేదా మందు వేస్తున్నా మచ్చ పెరుగుతుంటే, సీటీ స్కాన్ రాయమని మీరే అడగండి. అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు. బీడీ తాగే మనిషికి మూడు వారాలు దాటిన దగ్గు, పాత దగ్గు తీరు మారడం, గొంతు బొంగురుపోవడం, తెమడలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ముఖం, మెడ ఉబ్బి, ఛాతీ మీద నరాలు తేలి, వంగితే తల బరువెక్కుతోందంటే అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణం. గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాన్ని గడ్డ నొక్కుతోందని దాని అర్థం. ఉన్నట్టుండి మనిషి తికమకగా మాట్లాడుతున్నా అంతే. ఈ క్యాన్సర్ కొందరిలో రక్తంలో సోడియాన్ని పడగొడుతుంది, ఇంకొందరిలో మెదడుకు చేరుతుంది.

తర్వాతి అడ్డంకి ముక్క పరీక్ష. "ముక్క తీస్తే పాకుతదట" అనే భయం మన ఊళ్లలో చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. నిజానికి ఈ క్యాన్సర్ ఎవరూ ముట్టుకోకుండానే పాకుతుంది. భయపడి వాయిదా వేసిన ప్రతి వారమూ దానికే లాభం. ముక్క తీసి, మైక్రోస్కోపు కింద చూసి, ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తే తప్ప ఇది స్మాల్ సెల్ అని తేలదు. అది తేలనిదే సరైన మందు మొదలుకాదు. ఆ తర్వాత ఎంత దూరం పాకిందో చూడటానికి పెట్ సీటీ, మెదడుకు ఎంఆర్ఐ. ఈ పరీక్షలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా చేయించుకోవడం వేరు, ఒకే వారంలో సర్దుకోవడం వేరు. "సార్, ఈ వారంలోనే అన్నీ అయ్యేటట్టు రాయండి" అని చెప్పే చొరవ కొడుకో బిడ్డో తీసుకోవాలి.

పరీక్షలయ్యాక డాక్టరు రెండు మాటల్లో ఒకటి చెబుతారు. లిమిటెడ్ అంటే జబ్బు ఛాతీలో ఒక పక్కనే ఉంది, ఒకే రేడియేషన్ పరిధిలో పట్టేంత మేరకే ఉంది. ఎక్స్‌టెన్సివ్ అంటే అది దాటింది. మొదటిదానిలో పూర్తిగా నయం చేయాలనే లక్ష్యంతో వైద్యం చేస్తారు. రెండోదానిలో ఆయుష్షు పెంచడం, బాధ తగ్గించడం లక్ష్యం. మీది ఏదో స్పష్టంగా తెలుసుకోండి. తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయమూ, ముఖ్యంగా డబ్బు నిర్ణయం, దీని మీదే ఆధారపడుతుంది.

ఒక్క మందు ఎందుకు చాలదు

"ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తే అయిపోదా సారూ?" తమ్ముడు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఈ ప్రశ్నను బ్రిటన్ వైద్యులు చాలా ఏళ్ల క్రితమే పరీక్షకు పెట్టారు. ఆపరేషన్‌కు వీలున్న 144 మంది స్మాల్ సెల్ రోగుల్లో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ అని విభజించి, పదేళ్లు గమనించి, 1973లో ఫలితం ప్రకటించారు. సగటున ఎక్కువ కాలం బతికింది రేడియేషన్ తీసుకున్నవాళ్లే. కోసి తీసేలోపే కంటికి కనపడని కణాలు రక్తంలో పడి వేరే చోటికి చేరి ఉంటున్నాయి. ఇవాళ కూడా చాలా తొలి దశలో, చిన్న గడ్డగా దొరికిన కొద్దిమందికే దీనిలో ఆపరేషన్ చేస్తారు.

అయితే మందు. అదీ ఒక్కటి కాదు. పత్తి పండించే ఇంటికి దీన్ని వివరించడం కష్టం కాదు: ఒకే మందు పదే పదే కొడితే చచ్చేవి చచ్చి, చావనివి మిగిలి, మరుసటి ఏడు చేనంతా వాటి సంతతే అవుతుంది. క్యాన్సర్ కణాలదీ అదే దారి. వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే మందులను కలిపి ఇస్తే తప్పించుకునే కణాలు తగ్గుతాయి.

ఈ కలిపి ఇచ్చే పద్ధతి తొలి అడుగుల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే వంశానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను 1960లలో అమెరికా వైద్యులు మరో మూడు మందులతో కలిపి పిల్లలకు ఇచ్చారు. ఒక్కో మందుతో కొన్ని నెలలే ఆగిన రక్త క్యాన్సర్ నాలుగు కలిసేసరికి లొంగడం మొదలైంది. 1970లలో స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడిన మందుల కలయికల్లోనూ మెథోట్రెక్సేట్ ఉండేది. తర్వాత దాని స్థానంలో ఇంకా మెరుగైన జంట వచ్చింది: సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, దానికి తోడు ఎటోపొసైడ్. ఇవాళ జనగామ నుంచి వెళ్లిన రోగికైనా, న్యూయార్క్ రోగికైనా మొదట ఎక్కించేది ఈ జంటనే. కొత్తగా ఏది కలిసినా దీని మీదే కలుస్తోంది.

మందుకు రేడియేషన్ కలపడం తర్వాతి మెట్టు. 13 పరిశోధనల్లోని రెండు వేలకు పైగా లిమిటెడ్ దశ రోగుల వివరాలను ఒకచోట చేర్చి 1992లో లెక్కలు చూస్తే, కీమోకు ఛాతీ రేడియేషన్ కలిపిన వాళ్లలో మూడేళ్లు బతికినవారు వందకు ఐదుగురు ఎక్కువ. 1999లో ఇంకో ఫలితం వచ్చింది. కీమోతో పాటే రేడియేషన్ మొదలుపెట్టి, రోజుకు ఒకసారి చొప్పున ఐదు వారాలు కాకుండా, రోజుకు రెండుసార్లు చొప్పున మూడు వారాల్లో ముగించిన వాళ్లలో ఐదేళ్లకు 26 శాతం మంది ఉన్నారు. ఐదు వారాల పద్ధతిలో 16 శాతం. రెండు గుంపులకూ ఇచ్చిన మొత్తం మోతాదు ఒకటే. మారింది కాలమే.

ఇక నేను ఈ పుస్తకం చదివే ప్రతి ఇంటికీ గుర్తుండాలని కోరుకునే అంకె 2006 నాటిది. వైద్యం మొదలైన మొదటి రోజు నుంచి రేడియేషన్ ముగిసిన చివరి రోజు వరకు ఎన్ని రోజులు పట్టిందో యూరప్ పరిశోధకులు లెక్కించారు. ఆ కాలం ఒక్కో వారం సాగిన కొద్దీ ఐదేళ్లు బతికే అవకాశం వందకు దాదాపు 1.8 చొప్పున తగ్గుతూ పోయింది. మూడు వారాలు సాగితే వందలో ఐదుగురు. అంటే 1992లో రేడియేషన్ కలపడం వల్ల వచ్చిన లాభమంతా మూడు వారాల జాప్యంతో పోవచ్చు. పెళ్లి ఉంది, పంట ఉంది, కారు దొరకలేదు, ఇలాంటి కారణాలతో వారం జరపడం ఎంత ఖరీదైనదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే మాట నాకు దొరకలేదు.

మూడో తోడు ఇమ్యునోథెరపీ. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టకుండా శరీర రక్షణ కణాలకు పడ్డ అడ్డును తీసే సూది మందు ఇది. ఎక్స్‌టెన్సివ్ దశలో కీమోకు అటెజోలిజుమాబ్ కలిపితే సగటు ఆయుష్షు 10.3 నెలల నుంచి 12.3 నెలలకు పెరిగిందని 2018లో తేలింది. మరుసటి ఏడాది డుర్వాలుమాబ్‌తోనూ అటువంటి ఫలితమే వచ్చింది. లిమిటెడ్ దశలో లాభం ఇంకా పెద్దది. కీమో, రేడియేషన్ పూర్తిచేసుకుని జబ్బు పెరగని వాళ్లకు నాలుగు వారాలకోసారి, గరిష్ఠంగా రెండేళ్లు డుర్వాలుమాబ్ ఇచ్చి చూస్తే, సగం మంది బతికి ఉన్న కాలం 33.4 నెలల నుంచి 55.9 నెలలకు పెరిగింది. ఇది 2024 నాటి ఫలితం. ఈ లాభం కూడా అంతకుముందు మెట్లన్నీ పూర్తిగా ఎక్కినవాళ్లకే అందింది.

వైద్యం చివర్లో తలకు రేడియేషన్ ఇద్దామని డాక్టరు అనవచ్చు. తలలో ఏమీ లేకుండానే ఎందుకని కంగారు పడకండి. చాలా మందులు మెదడులోకి సరిగా చేరలేవు కాబట్టి అక్కడ దాగిన కణాలు తర్వాత పైకొస్తాయి. ముందుజాగ్రత్తగా ఇచ్చే ఈ రేడియేషన్ వల్ల మూడేళ్లు బతికినవారు వందకు 15 నుంచి దాదాపు 21కి పెరిగారని 1999లో తేలింది. దీనివల్ల మతిమరుపు వచ్చే అవకాశం ఉంది. అందుకే వయసు మళ్లినవాళ్లకు కొందరు డాక్టర్లు దీని బదులు తరచూ ఎంఆర్ఐ తీస్తూ గమనించే దారి ఎంచుకుంటారు. రెండు దారుల మంచిచెడ్డలూ అడిగి తెలుసుకోండి.

గోడ మీద క్యాలెండరు

కీమో 21 రోజులకోసారి తిరిగి వస్తుంది. సాధారణంగా మూడు రోజులు వరుసగా ఎక్కిస్తారు, నాలుగు నుంచి ఆరుసార్లు. ఇంట్లో గోడకున్న క్యాలెండరు మీద ఆ మూడు రోజులకు ఎర్ర సున్నా చుట్టండి. దానికి రెండు రోజుల ముందు రక్త పరీక్ష అని రాయండి, ఎందుకంటే తెల్లకణాలు పడిపోయి ఉంటే కీమో ఆపేస్తారు, ఆ సంగతి హైదరాబాద్ దాకా వెళ్లాక తెలిస్తే ఒక ప్రయాణం, ఒక రోజు దండగ. కీమో అయిన రెండో వారం చుట్టుపక్కల రోజులకు ఇంకో రంగు వేయండి. తెల్లకణాలు బాగా తగ్గేది అప్పుడే.

ఆ రోజుల్లో ఇంట్లో థర్మామీటరు తప్పనిసరి. జ్వరం 100.4 డిగ్రీలు చూపిస్తే పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పి పడుకోబెట్టకూడదు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే. రక్షణ కణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి కీమో రోజే డాక్టరును ఈ ప్రశ్న అడిగి జవాబు ఫైలు అట్ట మీద రాయించుకోండి: "రాత్రి జ్వరమొస్తే జనగామ జిల్లా ఆసుపత్రికి పోవాల్నా, వరంగల్ ఎంజీఎంకు పోవాల్నా, నేరుగా ఇక్కడికే రావాల్నా?" 108లో వచ్చేవాళ్లకు ఆ ఫైలు చూపిస్తే కీమో రోగి అని వెంటనే అర్థమవుతుంది.

పనులు పంచుకోండి. అన్నీ ఒక్కరి నెత్తిన పడిన ఇంట్లో రెండో నెలకే తేదీలు తప్పడం మొదలవుతుంది. మన రైతు ఇంట్లో అయితే ఫైలు, తేదీలు, రక్త పరీక్షలు బిడ్డ చూసుకోవచ్చు. ఆమెకు ఘన్‌పూర్ నుంచి రాక సులువు. ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడటం కొడుకు పని. అతను ఒక్కడే మాట్లాడాలి, లేకపోతే నలుగురు నాలుగు రకాలుగా విని వస్తారు. పత్తి, పశువులు, కూలీల సంగతి తమ్ముడికి. ఇది చిన్న సాయం కాదు. చేను ఏమైపోతుందోనన్న దిగులుతో కీమో మానుకునే రైతుకు "అన్నా, చేను నేను చూసుకుంట, నువ్వు నడువు" అన్న మాటతో సగం భారం దిగుతుంది. భార్యకు తిండి, మందుబిళ్లలు. ఆమె కూడా మనిషే కాబట్టి వారానికి ఒక రాత్రయినా ఇంకొకరు రోగి పక్కన పడుకుని ఆమెను నిద్రపోనివ్వాలి.

రేడియేషన్ సంగతి వేరు. సాధారణంగా శని, ఆదివారాలు మినహా రోజూ ఉంటుంది. రోజుకు రెండుసార్లయితే మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం కావాలి. రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. కాజీపేట–సికింద్రాబాద్ మార్గంలో రైలుంది, జాతీయ రహదారి ఊరి పక్కనే పోతుంది. కాబట్టి పొద్దున పోయి రాత్రికి రావచ్చు అనిపిస్తుంది. మొదటి వారం వస్తారు. రెండో వారానికి అలసట పట్టుకుంటుంది, మూడో వారానికి అన్నవాహిక మండి ముద్ద దిగదు. ఆ స్థితిలో రోజూ రానూపోనూ ప్రయాణం మనిషిని పడేస్తుంది, ఒక రోజు మానేద్దామనిపిస్తుంది. కొడుకు గది ఎంత ఇరుకైనా ఆ కొన్ని వారాలు అక్కడే ఉండనివ్వండి. చోటు లేకపోతే ఆసుపత్రి దగ్గర రోగుల కోసం ధర్మశాలలు ఉన్నాయేమో సోషల్ వర్కర్‌ను అడగండి. ముద్ద దిగనప్పుడు చల్లారిన రాగి జావ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పన్నం, గుడ్డు. కారం, పులుపు, వేడివేడి చాయ్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. మింగుడు పూర్తిగా ఆగితే చెప్పండి, దానికి మందుంది. చెప్పకుండా మానేయడం ఒక్కటే చేయకూడనిది.

సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. నీళ్లు బాగా తాగించాలి, ఎంత తాగాలో డాక్టరును అడగాలి. ఎవరో తెచ్చిచ్చిన పసరు మందు, భస్మం ఆ నెలల్లో వద్దు. నాటు వైద్యం మీద నాకు ద్వేషం లేదు. కానీ కీమోతో అలసిన కిడ్నీ, కాలేయం మీద ఏముందో తెలియని పొడి పోయడం బతికే మనిషిని చేజేతులా ప్రమాదంలోకి తోయడం. కల్లు గురించీ అడుగుతారు. పులిసిన కల్లులో సూక్ష్మజీవులుంటాయి. తెల్లకణాలు తక్కువున్న మనిషికి అది వద్దు.

బీడీ. "ఇప్పుడు మానితే ఏమొస్తది, రావల్సింది వచ్చె గదా" అంటారు. రావలసింది ఇంకా ఉంది. లిమిటెడ్ దశ రోగులపై కెనడాలో చేసి 2003లో వెలువరించిన పరిశోధనలో, కీమో రేడియేషన్ సాగుతుండగా కూడా పొగ తాగినవాళ్ల సగటు ఆయుష్షు 13.6 నెలలు. మానినవాళ్లది 18 నెలలు. లక్షలు పోసినా కొన్ని మందులు ఇవ్వలేని నాలుగు నెలలు ఇవి, పైసా ఖర్చు లేకుండా వస్తున్నాయి. అతనొక్కడినే మానమంటే కుదరదు. తమ్ముడు ఎదురుగా కూర్చుని బీడీ ముట్టిస్తుంటే ఎవరు మానగలరు? ఇంట్లో, అరుగు మీద, చేను గట్టు మీద ఎవరూ తాగకూడదు.

ఎకరం అమ్మే ముందు

ఈ మాట రాయడం నాకు బరువుగా ఉంది. కానీ మన పల్లెల్లో క్యాన్సర్ వచ్చిన ఇంట్లో మొదటి వారమే వచ్చే ఆలోచన భూమి అమ్మకం. ప్రేమ ఎంతుందో చూపించడానికి మన దగ్గర ఉన్న కొలమానం అదే అయిపోయింది. తండ్రి కోసం ఎకరం అమ్మని కొడుకును ఊరు ఏమంటుందోనని భయం.

అమ్మే ముందు చేయాల్సినవి చేయండి. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 9న కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచింది. కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటాడు, డాక్టరు కన్నా ముందు అతన్ని కలవండి. ఏ మందు పథకం కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది ప్యాకేజీ ప్రకారం అతనే చెప్పగలడు. పథకం గురించి 104కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955 నుంచి నడుస్తోంది. రద్దీ ఎక్కువ, ఓపీ చీటీకి తెల్లవారుజామునే వరుసలో నిలబడాలి. కానీ ఈ జబ్బుకు మూలమైన కీమో, రేడియేషన్ రెండూ ఒకే ప్రాంగణంలో దొరుకుతాయి. పథకం చాలని చోట ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి సాయం, నిమ్స్ వంటి చోట ముందే ఇచ్చే ఎల్‌ఓసీ (ఖర్చు హామీ పత్రం) ఉన్నాయి. వాటికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేస్తారు. క్యాన్సర్ రోగికి, వెంట వెళ్లేవారికి రైలు చార్జీలో రాయితీ ఉంది, ఆసుపత్రి ఇచ్చే ఫారం కావాలి. మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు.

అసలు చిక్కు ఇమ్యునోథెరపీ దగ్గర వస్తుంది. అది చాలా ఖరీదు. "ఇది పెడితే బతుకుతడంట" అని ఎవరో అంటారు. అప్పుడు డాక్టరు ఎదుట కూర్చుని నింపాదిగా అడగండి: మాది లిమిటెడా, ఎక్స్‌టెన్సివా? దీనివల్ల మా మనిషికి వచ్చే లాభం ఎంత? మొత్తం ఎన్ని డోసులు, చివరి డోసు దాకా పెట్టగలమా? కంపెనీ సహాయ పథకం ఏదైనా ఉందా? ఎక్స్‌టెన్సివ్ దశలో సగటు లాభం రెండు నెలలని పైన చెప్పాను. సగటు ఒక్కటే చూసినా అన్యాయమే. ఆ పరిశోధనలో ఈ మందు కలిపి తీసుకున్నవాళ్లలో వందకు దాదాపు 12 మంది ఐదేళ్ల తర్వాతా ఉన్నారు. ఒకప్పుడు ఈ దశలో ఊహించని సంగతి అది. ఆ పన్నెండు మందిలో మీ మనిషి ఉంటాడని ముందే చెప్పగల పరీక్ష మాత్రం ఇంకా రాలేదు.

నా అభిప్రాయం దాచను. లిమిటెడ్ దశలో, మొదటి వైద్యం పూర్తయి, మనిషి నడుస్తూ తిరుగుతూ ఉన్నప్పుడు ఈ మందు కోసం గట్టిగా ప్రయత్నించండి, అప్పు చేసైనా సరే. ఎక్స్‌టెన్సివ్ దశలో ఉన్న భూమంతా అమ్మి రెండు డోసులు పెట్టించి ఆపేసే దారి కన్నా, కీమోను తేదీ తప్పకుండా పూర్తిచేయించి, జ్వరానికి, నొప్పికి, తిండికి డబ్బు ఉంచుకోవడం మేలు. అలా చేసిన కొడుకు తండ్రిని తక్కువ ప్రేమించినట్టు కాదు. ఊరికి ఆ సంగతి చెప్పగల పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరు ఉండాలి.

అతనికి చెప్పడం

"నాయినకు చెప్పొద్దు, బెంగటిల్లుతడు" అని దాదాపు ప్రతి ఇంట్లో అనుకుంటారు. కానీ క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో గంటల తరబడి కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసి, తెలియనట్టు నటిస్తాడు. ఇంటివాళ్లూ నటిస్తారు. ఆ నటనలో ముద్ద దిగడంలేదన్న మాట, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్న మాట, తన పేరున్న భూమి సంగతి ఏం చేయాలన్న మాట, అన్నీ గొంతులోనే ఆగిపోతాయి. ఒకరు చెప్పాలి, ఎక్కువగా అతనికి చనువున్న బిడ్డో తమ్ముడో. "నాయినా, ఊపిరితిత్తిల గడ్డ ఉన్నది. అది క్యాన్సరే. మందుకు లొంగే రకం, కానీ తేదీలు తప్పొద్దన్నరు. మేమంతా ఉన్నం. నీకేమనిపిస్తే అది మాకు చెప్పాలె." ఇంతకన్నా పొడుగు ప్రసంగం అక్కరలేదు. ఎన్నాళ్లు అని అతను అడిగితేనే ఆ మాట ఎత్తాలి. అడిగితే అబద్ధం ఆడవద్దు.

నొప్పికి, ఆయాసానికి పాలియేటివ్ కేర్ అనే వైద్య విభాగం ఉంది. అక్కడికి పంపారంటే ఆశ వదిలేశారని కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇంకో రకం ముదిరిన రోగులపై బోస్టన్‌లో చేసి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచే ఈ సేవ అందుకున్నవాళ్లు మెరుగ్గా బతికారు, సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ కాలమూ బతికారు. ఎంఎన్‌జేలో ఈ విభాగం ఉంది. నొప్పికి మార్ఫిన్ బిళ్లలు అక్కడ ఇస్తారు. మార్ఫిన్ అంటే మత్తుకు అలవాటు పడతాడని భయపడి మనిషిని నొప్పితో ఉంచకండి. జిల్లాల్లో ఈ సేవను ప్రభుత్వం ఆలన పేరుతో అందిస్తోంది, జనగామ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

చివరిగా తమ్ముడికి ఒక మాట. అన్నతో పాటు ఇన్నేళ్లు అదే అరుగు మీద అదే కట్టలోంచి బీడీ తీసి ముట్టించింది మీరే. మీకు దగ్గు లేకపోయినా ఇవాళే మానండి. మానలేకపోతే సాయం చేయడానికి జాతీయ పొగాకు విరమణ కేంద్రం ఉంది. నంబరు 1800-11-2356, ఫోనుకు డబ్బులు పడవు.